మరలివచ్చిన వీరులు

కొత్త యొక వింత, పాత యొక రోత యని సామెత. కట్టుబట్టల విషయమున నిది చెల్లునేమో గాని కథల విషయమున చెల్లదు. కథలలో పాత మనిషి మరల గడప తొక్కినప్పుడే వింత యెక్కువ. వికారాబాదులో గాని తాండూరులో గాని ఉన్నత పాఠశాల విద్యార్థులను అడిగినచో ఈ మాటకు వారే సాక్ష్యము పలుకుదురు. సూపర్‌హీరో చిత్రమునకు రెండవ భాగమో మూడవ భాగమో వచ్చుచున్నదని తెలిసినంతనే వారి మొదటి ప్రశ్న కథ యేమని కాదు. ఎవరెవరు మరల వచ్చుచున్నారని. క్రొత్త శత్రువు ఎంత భయంకరుడైనను వాని రాకకు పుట్టని కేక, వెనుకటి చిత్రములోని నేస్తమొకడు తలుపు తీసికొని లోపలికి వచ్చినప్పుడు పుట్టును.

పెద్దలలో పలువురకు ఈ వైఖరి రుచింపదు. చూచినవారినే చూచుట, విన్న మాటలే వినుట, ముగిసిన కథకు తోక తగిలించి మరల టిక్కెట్టు అమ్ముట, ఇదియా కళ యని వారి ఆక్షేపణ. నిజమునకు ఇందులో రెండు ఆక్షేపణలు కలిసియున్నవి. ఆ వీరులు పరదేశీయులన్నది ఒకటి. వారు పదేపదే వచ్చుచున్నారన్నది రెండవది. మొదటిదానిలో కొంత న్యాయము కలదు. దానిని ముందు విచారింపవచ్చును. రెండవదానిలో న్యాయము లేదు. ఆ మాట అనుటకు తెలుగువాడు అధికారి కాడు. ఏలయన, తెలుగు సాహిత్యములో చాలభాగము మరలివచ్చిన వీరుల కథయే.

పరదేశి వీరుని సంగతియే మొదట పరిశీలింపదగును. స్పైడర్‌మ్యాన్ అను పాత్ర 1962లో స్టాన్ లీ, స్టీవ్ డిట్కో అనువారి చేతులలో అమెరికా బొమ్మల పుస్తకమున పుట్టినది. 2002 మొదలు 2021 వరకు ఆ వీరుడే నాయకుడుగా, నటులు వేషము ధరించిన చిత్రములు ఎనిమిది వెలువడినవి. టోబీ మగ్వైర్, ఆండ్రూ గార్ఫీల్డ్, టామ్ హాలండ్ అను మువ్వురు వరుసగా ఆ వేషము కట్టిరి. 2021 డిసెంబరులో విడుదలై తెలుగు మాటలతో గూడ ప్రదర్శింపబడిన ‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’ చిత్రములో ఆ మువ్వురును ఒక్కచోట కలిసికొందురు. పూర్వ చిత్రములలో ఓడిన ప్రతినాయకులును వారి వెంట వత్తురు.

అందులో ఒక సన్నివేశము కలదు. ఒక బాలిక ఎత్తునుండి క్రిందికి పడుచుండును. ఆమెను ప్రేమించినవాడు దూకియు పట్టుకొనలేకపోవును. అప్పుడు రెండవ స్పైడర్‌మ్యాన్ దూకి ఆమెను పట్టుకొని నేలమీద దింపును. దింపి, క్షేమమేనా యని యడుగును. వాని కన్నులలో నీరు నిండియుండును. పూర్వ చిత్రములు చూడనివానికి ఇది ఒక సాహసకృత్యము మాత్రమే. చూచినవానికి సంగతి వేరు. 2014లో వచ్చిన చిత్రములో ఇదే వీరుడు తాను ప్రేమించిన గ్వెన్ అను యువతిని ఇట్లే పడుచుండగా పట్టుకొనబోయి, క్షణకాలము ఆలస్యమై, పోగొట్టుకొనెను. ఏడేండ్ల తరువాత వానికి మరల అట్టి క్షణమే ఎదురైనది. ఈ మాటు చేయి అందినది. ఆ కన్నీటికి అర్థము తెరమీద చెప్పబడలేదు. చూచువాని జ్ఞాపకములో నున్నది.

ఉత్తరకథల ఆకర్షణకు రహస్యమిదియే. కథలో సగము కవి తెచ్చును, సగము శ్రోత తెచ్చును. కొత్త కథకు శ్రోత వట్టి చేతులతో వచ్చును. పరిచితమైన పాత్ర మరలివచ్చిన కథకు వాడు మూట కట్టుకొని వచ్చును. ఆ మూట విప్పు అవకాశము కలిగినప్పుడు వానికి కలుగు ఆనందము కేవలము వినోదము కాదు; కథలో తనకును పాలున్నదను తృప్తి. బాలురు హాలులో వేయు కేకలకు మూలము ఈ తృప్తియే గాని అవివేకము కాదు.

తెలుగు ఇండ్లలో ఇంతకంటె పాత దృష్టాంతము ఏటేట చదువబడుచున్నది. వినాయక చవితినాడు చదువు శమంతకోపాఖ్యానమున శ్రీకృష్ణుడు మణిని వెదకుచు గుహలో ప్రవేశించి జాంబవంతునితో ఇరువదియెనిమిది దినములు పోరాడును. ఆ జాంబవంతుడు కొత్తవాడు కాడు. త్రేతాయుగమున రాముని వెంట లంకకు నడచినవాడు. తాను పోరుచున్నది ఎవరితోనో వానికి తుదకు స్ఫురించును. వ్రతకథలో మరియొక ముడి కూడ కలదు: రామావతారమున స్వామి వరమడుగుమనగా, జాంబవంతుడు స్వామితోడనే ద్వంద్వయుద్ధమును కోరెనట, కాలాంతరమున అది జరుగునని స్వామి మాట యిచ్చెనట. ఆ మాట యొక యుగము దాటి నెరవేరినది. గుహలోని యుద్ధము కొత్త యుద్ధము కాదు, పాత బాకీ.

ఆంజనేయుని సంగతియు నట్టిదే. రామాయణములో కార్యము ముగించుకొన్న ఆ మహావీరుడు భారతమున, అరణ్యపర్వములో, సౌగంధిక పుష్పమునకై పోవు భీముని త్రోవకు తోక యడ్డముగా పెట్టి ముదుసలి కోతివలె పడియుండును. ఆ తోకను కదల్చలేని భీముని గర్వము అణగుట కథ. కాని శ్రోత నవ్వుకొనుట వేరొక కారణమున. ఆ తోక లంకను కాల్చిన తోక యని భీమునికంటె ముందే శ్రోతకు తెలియును.

ఇక భవభూతి. ఉత్తరరామచరితము ప్రథమాంకములో సీతారాములకు లక్ష్మణుడు పటములను చూపును. ఆ పటములలో వారి గడచిన జీవితమే చిత్రింపబడియున్నది. కష్టములు గట్టెక్కిన దంపతులు తమ కష్టములను బొమ్మలుగా చూచి భయపడుదురు, కన్నీరు పెట్టుదురు, మురియుదురు. ఆ పటములు చూచుటచేతనే సీతకు అరణ్యమును మరల చూడవలెనను కోరిక పుట్టును. ఆ కోరికయే ఆమెను అడవికి పంపుటకు సాకుగా పరిణమించును. పూర్వకథను జ్ఞప్తికి తెచ్చుట అలంకారముగా గాక, ఉత్తరకథకు బీజముగా అమర్చిన ఆ నేర్పు నేటి చిత్రకర్తలకును పాఠమే. తెలుగున కవిబ్రహ్మ యని పేరొందిన తిక్కన సోమయాజి సయితము భారతమునకు పూర్వము చేపట్టినది నిర్వచనోత్తర రామాయణము, అనగా ఒక ఉత్తరకథయే.

పరిచితులైన వీరులను పిలుచుకొనుటకు ఏ మతమును, ఏ భాషయు వెనుదీయలేదు. వికారాబాదు చెంత అనంతగిరి కొండలలో పుట్టిన కాగ్నానది తాండూరు మీదుగా పారి, కర్ణాటక దేశమున మల్‌ఖేడును ఒరసికొని పోయి భీమానదిలో కలియును. నేటి మల్‌ఖేడు నాటి మాన్యఖేటము, రాష్ట్రకూటుల రాజధాని. పదవ శతాబ్దిలో ఆ నగరముననే పుష్పదంతుడను జైనకవి అపభ్రంశ భాషలో మహాపురాణమును రచించెను. అందులో రాముడును కలడు, కృష్ణుడును కలడు. కాని వారు జైన సంప్రదాయము ననుసరించి అరువదిముగ్గురు శలాకాపురుషుల వరుసలో నిలిచినవారు. తెలిసినవారినే పిలిచి కవి తన మాట చెప్పించుకొనెను. తెలంగాణ పల్లెలలో మొహరము నెలలో పీర్ల పండుగ జరుగునప్పుడు హసన్ హుసేనుల కథను పాటలుగా పాడుదురు. ఆ కథ యెట్లు ముగియునో పాడువారికిని తెలియును, వినువారికిని తెలియును; వారిలో హిందువులును కలరు, మహమ్మదీయులును కలరు. తెలిసినదే యైనను కన్నీరు ఆగదు. తెలిసినది గనుకనే ఆగదనుట యుక్తము.

తాండూరు కందిపప్పునకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ గుర్తింపునకు అర్థము ఆ రుచి ఆ నేలదని. వంటయింటిలో ఆ పప్పును కోరువారు రుచి మారవలెనని కోరరు; మారినచో అంగడివానితో తగవు పడుదురు. అట్లని నిరుటి పప్పునే ఈయేడును తినుట లేదు. పంట ప్రతియేడును కొత్తది, రుచి మాత్రము పాతది. పరిచిత పాత్రయు నిట్టిదే. స్వభావము ఎరిగినది కావలెను, సంఘటన ఎరుగనిది కావలెను. రామరాజభూషణుడు వసుచరిత్రములో ఈ సంగతినే రత్నముల పోలికతో చెప్పెను. కేవల కల్పితకథ ఆయన దృష్టిలో కృత్రిమ రత్నము. పురాతన కథ గనిలో పుట్టిన రత్నము. పాతకథకు కవికల్పన తోడైనది సానపట్టిన జాతిరత్నము. ఉత్తరకథ ఈ మూడవ తెగకు చెందినది. కావున దానిని తక్కువచేసి పలుకుటకు అలంకారశాస్త్రము కూడ అనుమతింపదు.

అయినను మరలివచ్చిన ప్రతివాడును ఆదరింపదగినవాడు కాడు. ఇందు వివేచన అవసరము. ఆ వివేచనకు ఒరగల్లు దూరమున లేదు. తెలుగు పలుకుబడిలోనే ఋణానుబంధమను మాట కలదు. పాత్ర పాత ఋణమును మోసికొని వచ్చినదా, లేక వట్టి ముఖముతో వచ్చినదా యని పరీక్షింపవలెను. ఋణముతో వచ్చినది కథ; వట్టి ముఖముతో వచ్చినది వ్యాపారము.

బాహుబలి చిత్రముల ఉదాహరణము తెలుగు విద్యార్థులందరకు తెలిసినదే. మొదటి భాగము 2015 జులై 10న విడుదలైనది. చివర కట్టప్ప బాహుబలిని తానే చంపితినని చెప్పును. ఏల చంపెనను ప్రశ్న 2017 ఏప్రిల్ 28 వరకు, అనగా రెండవ భాగము వచ్చువరకు, ఊరూర నలిగినది. సమాధానము చమత్కారముగా లేదు, నిజాయితీగా ఉన్నది. సింహాసనమునకు కట్టుబడిన దాస్యమే కారణము. మొదటి భాగములో మెచ్చుకొనదగిన గుణముగా కనబడిన విధేయతయే రెండవ భాగములో హత్యచేయించినది. రెండవ భాగము చూచినవానికి మొదటి భాగము మరల కొత్తదగును. కట్టప్ప వంగి నమస్కరించిన ప్రతి దృశ్యమునకు అర్థము మారును. ముందు వచ్చినదానిని కూడ మార్చగలిగినది మేలైన ఉత్తరకథ.

2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ చిత్రములో అశ్వత్థామ పాత్రయు నట్టిదే. ఆ వేషము అమితాబ్ బచ్చన్ ధరించెను. భారతమున అశ్వత్థామ నిదురించు ఉపపాండవులను చంపి, ఉత్తర గర్భముమీదికి అస్త్రము విడిచి, శ్రీకృష్ణుని శాపమునకు గురియై లోకమున తిరుగాడునట్టివాడు. చిత్రమున ఆతడు వేల యేండ్ల తరువాత ఒక గర్భిణిని రక్షించుటకు లేచును. గర్భమును చంపబోయినవాడు గర్భమును కాచుట! భారతము ఎరిగిన ప్రేక్షకునికి ఆ యుద్ధములు, ఆ యంత్రములు మరుగున పడి ఈ ప్రాయశ్చిత్తమే మనస్సున నిలుచును. ఎరుగనివానికి ఆతడు పొడగరియైన వృద్ధవీరుడు మాత్రమే. గ్వెన్‌ను పోగొట్టుకొన్న స్పైడర్‌మ్యాన్‌కును, అశ్వత్థామకును దేశము వేరు, కాలము వేరు. బాకీ తీర్చుకొను విధానము ఒక్కటే.

దీనికి విపరీతమైన వైఖరియు కలదు. 2019లో ‘ఎవెంజర్స్: ఎండ్‌గేమ్’ చిత్రాంతమున ఐరన్ మ్యాన్ ప్రాణమిచ్చి లోకమును కాపాడెను. ఆ మరణమునకు బాలురు నిజముగా దుఃఖించిరి. 2024లో ఆ పాత్రధారియైన రాబర్ట్ డౌనీ జూనియరే డాక్టర్ డూమ్ అను వేరొక పాత్రలో రానున్నాడని ప్రకటన వెలువడినది. ఆనాడు కలిగిన సంబరము కథను గూర్చినది కాజాలదు, కథ అప్పటికి ఎవరికిని తెలియదు గనుక. అది ముఖమును గూర్చిన సంబరము. చనిపోయినవారందరును తిరిగి వచ్చు లోకములో చావునకు బరువు లేదు. చావునకు బరువు లేనప్పుడు త్యాగమునకును బరువు లేదు. షెర్లాక్ హోమ్స్‌ను 1893లో చంపిన కానన్ డాయిల్ పాఠకుల ఒత్తిడికి లొంగి 1903లో వానిని బ్రతికించి తెచ్చెను. పాఠకులు సంతోషించిరి. కాని ఆ పిదప హోమ్స్ ప్రాణమునకు అపాయమనిన నమ్మువారు తగ్గియుందురు.

తెలుగు ప్రేక్షకునికి ముఖమునకును పాత్రకును గల భేదము బాగుగ తెలియును. 1957లో ‘మాయాబజార్’లో శ్రీకృష్ణుడైన నందమూరి తారక రామారావు 1977లో ‘దానవీరశూర కర్ణ’లో కృష్ణుడు, కర్ణుడు, సుయోధనుడు మూడును తానే అయ్యెను. ముఖము ఒక్కటియే యైనను చూచువారు పొరపడలేదు. ఏలయన, ఆ పాత్రలు నటునికంటె ముందే వారికి చుట్టములు. నటుడు పాత్రకు ఋణపడెను గాని పాత్ర నటునికి ఋణపడలేదు.

ఇప్పుడు మొదటి ఆక్షేపణను, అనగా పరదేశీయతను, విచారింపవచ్చును. ఒక వీరుడు ఏ దేశమున పుట్టెనన్నది పెద్ద ప్రశ్న కాదు. వాని కథను ఎవరు చెప్పవచ్చుననునది పెద్ద ప్రశ్న. స్పైడర్‌మ్యాన్ కథను చిత్రముగా తీయుటకు హక్కు కొన్ని సంస్థలది. తాండూరు బాలుడు వానిని ఎంత ప్రేమించినను, వాని తరువాతి కథను నిర్ణయించువారు మరియొక ఖండమున కూర్చుండియుందురు. హనుమంతుడు అట్లు కాడు. చిందు భాగవతులు హనుమంతుని ఆడుటకు ఎవరి అనుమతియు కోరలేదు. 1980లో రామారావు నాయకుడుగా ‘సూపర్‌మ్యాన్’ అను తెలుగు చిత్రము వచ్చినప్పుడు పేరు అమెరికాదైనను బలము ఆంజనేయుని అనుగ్రహమున వచ్చినదే. 2024 జనవరిలో ప్రశాంత్ వర్మ తీసిన ‘హనుమాన్’ చిత్రములోను పల్లెటూరి యువకునికి అదే అనుగ్రహము. ఊరి చెరువువలె ఆ వీరుడు అందరివాడు. ఎవరు ముంచుకొన్నను తరుగడు. బాలురకు ఈ భేదము చెప్పుట అవసరము. పరాయి వీరుని ప్రేమింపవలదని కాదు. సొంత వీరుని కథకు తామే కర్తలు కావచ్చునని.

అట్లయిన బాలురకు ఆ సొంత వీరులమీద పరదేశి వీరునిమీదనున్న మక్కువ ఏల లేదు? ఇచ్చట ఉపాధ్యాయలోకము కొంత ఆలోచింపవలసియున్నది. అభిరుచి చెడినదనుట సులభము. నిజము వేరు. పరిచయము పుట్టుకతో వచ్చునది కాదు, పలుమారు వచ్చుటచేత ఏర్పడునది. స్పైడర్‌మ్యాన్ ఎనిమిది చిత్రములలో నాయకుడై, మరికొన్ని చిత్రములలో అతిథియై వచ్చెను. బాలుడు పదవ తరగతికి వచ్చులోపల వానిని ఎన్నిమారులు కలిసికొనెనో లెక్క లేదు. వాచకములోని వీరుడో, ఒక పాఠములో వచ్చును. ప్రతిపదార్థములు, సందర్భవాక్యములు, నాలుగు ప్రశ్నలు ముగిసినంతనే వెడలిపోవును. మరుసటి యేడు వేరొక కవి, వేరొక ఘట్టము, వేరొక వీరుడు. వెనుకటి యేడు వచ్చినవానికి ఏమాయెనో చెప్పువారు లేరు. వాచకము ఉత్తరకథ లేని పుస్తకము. మొదటి చూపులోనే, అందును కఠినమైన పద్యములో, అపరిచితుని ప్రేమింపుమనిన ఏ బాలుడు ప్రేమింపగలడు?

వెనుకటి తరముల బాలురు మేధావులై పద్యములను ప్రేమించిరనుకొనుట పొరపాటు. వారికి బడికి వెలుపల గొలుసుకట్టుగా పరిచయములు కలవు. ఇంటిలో చవితికథ, వీధిలో భాగవతుల ఆట, గుడిలో హరికథ, తెరమీద 1963 నాటి ‘లవకుశ’. చేతిలో ‘చందమామ’. 1947లో మద్రాసున ఆరంభమైన ఆ పత్రిక, భుజమున శవముతో, చేత కత్తితో నడచు విక్రమార్కుని ఏండ్ల తరబడి నెలనెల బాలుర ముంగిటికి తెచ్చినది. రాజు అతడే, బేతాళుడు అతడే, శ్మశానము అదియే. లోపలి కథ మాత్రము ప్రతి నెలయు కొత్తది. అట్లు పెరిగినవాడు తరగతిలో పోతన పద్యమును విన్నప్పుడు కృష్ణుని కొత్తగా కలిసికొనలేదు; తెలిసిన చుట్టమును మరింత మంచి మాటలలో వినెను. పద్యము కఠినమైనను మనిషి తెలిసినవాడు గనుక అర్థము కొంత దానంతట అదియే వచ్చెను. ఆ పత్రిక నేడు లేదు. భాగవతుల మేళములు అరుదైనవి. గొలుసులో కడియములు ఊడిపోగా మిగిలినది బడియొక్కటే. కావున ఆ పని కూడ బడిమీదనే పడినది.

ఇందుకు పెద్ద ప్రణాళికలు అక్కరలేదు. ఒక పాఠము ఆరంభించుటకు ముందు, ఈ పాత్రను ఇంతకు పూర్వము ఎక్కడ కలిసికొంటిరని ఉపాధ్యాయుడు అడుగవచ్చును. ఏడవ తరగతిలో వచ్చిన కర్ణుని తొమ్మిదవ తరగతిలో మరల పిలువవచ్చును. పాఠము ముగిసిన పిదప, అక్కడ ఆగిన కథ ముందేమాయెనో పది నిమిషములు చెప్పవచ్చును. వ్యాసరచనకు ఎప్పుడును ఉండు విషయములకు బదులు, ఒక పాత్రకు ఉత్తరకథ వ్రాయుమనవచ్చును. నియమము ఒక్కటే, ఆ పాత్ర తన పాత ఋణమును మరువరాదు. తాండూరు వంటి సరిహద్దు పట్టణమున ఈ పనికి మరింత అనువు కలదు. ఒకే బల్లమీద కూర్చుండు బాలురలో ఒకని ఇంట తెలుగు, ఒకని ఇంట కన్నడము, ఒకని ఇంట ఉర్దూ, తండానుండి వచ్చినవాని ఇంట లంబాడీ భాష. కన్నడపు అవ్వ చెప్పు కర్ణుడు తెలుగు కర్ణునితో ఎచ్చట కలియును, ఎచ్చట విడివడును? ఉర్దూ ఇంటిలో అమీర్ హంజా సాహసములు ఎవరైన చెప్పుదురా? ఈ ప్రశ్నలకు సమాధానములు పుస్తకాలయమున వెదకనక్కరలేదు. సాయంకాలము ఇంటికి పోయి అడిగిన చాలును.

ఇదంతయు పరీక్షలకు ఉపకరించునా యని అడుగువారుందురు. ఉపకరించును. ఎరిగిన మనిషిని గూర్చి వ్రాయువాడు కంఠస్థము చేసినవానికంటె తేలికగా వ్రాయును. మరియొక ఆక్షేపణ ఇంతకంటె గట్టిది. పరిచితులనే కోరు అలవాటు మనస్సును సోమరిని చేయదా, కొత్త మనుష్యులను చూడనీయని గోడ కాదా యని. ఇది నిజమైన అపాయము. చిత్రపరిశ్రమ ఈ గోడను చూచి లాభపడుచున్నది. తెలిసిన పేరు లేని కథకు డబ్బు పెట్టువారు తగ్గుచున్నారు. కాని నేటి చుట్టములందరును ఒకనాటి అపరిచితులే. ‘కన్యాశుల్కము’ 1897లో అచ్చయినప్పుడు గిరీశమును ఎరిగినవారు ఎందరు? బడి రెండు పనులును చేయవలసియున్నది: తెలిసినవారిని మరల పిలుచుట, తెలియనివారిని తెలిసినవారిగా చేయుట. మొదటిది చేసిననే గాని రెండవదానికి ధైర్యము కలుగదు. చుట్టములు లేని ఇంటికి కొత్త అతిథులును రారు.

విద్యార్థులకును ఒక మాట చెప్పదగియున్నది. రానున్న సూపర్‌హీరో చిత్రమును చూచుటలో తప్పు లేదు; కేకలు వేయుటలోను తప్పు లేదు. హాలు వెలుపలికి వచ్చిన పిమ్మట స్నేహితులతో ఒక్క ప్రశ్నను చర్చింపవలెను. వచ్చినవాడు ఏమి తీర్చుటకు వచ్చెను? సమాధానము దొరకినచో ఆ చిత్రము గుర్తుంచుకొనదగినది. దొరకనిచో ముఖము చూచి డబ్బు ఇచ్చినట్లు తెలిసికొనవలెను. ఆ ప్రశ్ననే తెలుగు తరగతిలో జాంబవంతునికి వేసినను, అశ్వత్థామకు వేసినను, భవభూతి సీతకు వేసినను సమాధానము లభించును. ఆ మాటలు వేయి యేండ్లు నిలిచినది సమాధానము ఉన్నందుననే.

వికారాబాదు కూడలిలో రైలు మారి తాండూరు వైపు పోవు పిల్లల సంచులలో వాచకములున్నవి, చేతులలో ఫోనులున్నవి. ఫోనులోని వీరుడు మరల వచ్చెదనని మాట యిచ్చి వెళ్ళును. వాచకములోని వీరుడు ఏ మాటయు ఇయ్యకుండ వెళ్ళిపోవుచున్నాడు. ఆ మాటను వాని తరఫున ఇయ్యగలవాడు ఉపాధ్యాయుడే.